రెండు వేళ్ళ మీద విమానం

మా కిరండూల్‌లో గాలిలోకి ఏదైనా లేపాలంటే ముందు నేల మీద ఉన్నవాళ్ళని అడగాలి. గాలిపటాలకు మినహాయింపు ఉందంటారు గానీ, ఎక్కడా రాసి ఉండగా నేను చూడలేదు. నేనడిగింది గాలిపటం గురించి కాదు. ఫోమ్ షీటు కోసి నా చేత్తో చేసుకున్న విమానం గురించి. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి మా టీవీ బల్లంత పొడవు. ముక్కున చిన్న మోటారు, పొట్టలో బ్యాటరీ, నా చేతిలో రిమోటు. దాన్ని మా గని కాలనీ గ్రౌండులో ఎగరేసుకోనివ్వమని అర్జీ పెట్టాను. కాలనీ ఆఫీసువాళ్ళు చదివి పోలీసు థానాకి పంపారు. థానావాళ్ళు చదివి, అడవిని కాపలా కాసే జవాన్ల క్యాంపుకి పంపారు. క్యాంపువాళ్ళు చదివి, అడుగున హిందీలో "ఎందుకు?" అని ఒకే మాట రాసి నాకే తిప్పి పంపారు.

న్యాయమైన ప్రశ్నే. ఈ ప్రాంతంలో ఆకాశంలో గుయ్యిమనే వస్తువు ఏదైనా ఎవరిదో అయి ఉండాలి, దేన్నో చూడటానికి వచ్చి ఉండాలి. నా విమానానికి కళ్ళు లేవు. అది ఏమీ చూడదు. దాన్ని చూడటానికే నేను ఎగరేస్తాను. ఈ మాట అర్జీలో ఎలా కనిపిస్తుందో తెలుసు కాబట్టి రాయలేదు.

అసలు సంగతి ఇంకా పాతది. విశాఖపట్నంలో నేను కెమిస్ట్రీ డిగ్రీ చదివేటప్పుడు పక్క ఇంజనీరింగ్ కాలేజీ అబ్బాయిలు శనివారం సాయంత్రాలు మైదానంలో ఇలాంటి విమానాలు ఎగరేసేవాళ్ళు. చూడటానికి వెళ్ళిన నాకు బ్యాటరీల సంచీ పట్టుకునే పని ఇచ్చారు. డిగ్రీ అయ్యేదాకా పట్టుకున్నాను. ఒక్క బ్యాటరీ కూడా కింద పెట్టలేదు. చాలా బాధ్యత గల అమ్మాయి అని అందరూ మెచ్చుకున్నారు. రిమోటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అడిగితే బ్యాటరీలు ఎవరు పట్టుకుంటారు?

తర్వాత పెళ్ళయింది. మా ఆయన కిరండూల్ లైనులో గూడ్సు బండి నడుపుతాడు. కొండ మీంచి ఎర్రటి ఖనిజాన్ని సముద్రం దాకా దింపి, ఖాళీ వ్యాగన్లు పట్టుకుని తిరిగొస్తాడు. నాకు ఇక్కడే గని ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఖనిజాన్ని పొడి చేసి, తూచి, ఇందులో ఇనుమెంత, తక్కినదెంత అని తేల్చడం నా పని. జీతం వస్తోంది, క్వార్టరు ఉంది, ఆదివారం సెలవు. ఆ ఆదివారాన్ని ఏం చెయ్యాలో చాలా ఏళ్ళు తెలియలేదు. తెలిశాక మా ఇంట్లో చాపలన్నీ ఫోమ్ ముక్కలతో నిండిపోయాయి.

మొదటి రెండు విమానాలూ మా ఆయన ఊళ్ళో, కోతలైపోయిన శ్రీకాకుళం పొలాల్లో పోయాయి. మొదటిదానికి బ్యాటరీ పెట్టడం సులువని తోకవైపు తలుపు కోశాను. మా ఆయన విసిరాడు. అది నిటారుగా పైకి లేచింది, అక్కడ ఒక క్షణం ఏదో గుర్తుకొచ్చినదానిలా ఆగింది, పక్కకి తిరిగి పడిపోయింది. నేను రిమోటు మీది రెండు పుల్లల్నీ ఎటు తిప్పినా దానికి పట్టలేదు.

"ఎగిరింది గదే," అన్నాడు మా ఆయన ముక్కలు ఏరుతూ. "కిందకి ఎగిరీసింది. అంతే తేడా."

ఆ భయంతో రెండోదానికి ముక్కు నిండా సీసం కూరాను. అది చేయి వదిలిన మరుక్షణం నేరుగా గట్టు పక్క మట్టిలోకి దిగింది. పొలం గలాయన, మా ఆయనకి వరసకి పెదనాన్న, చుట్ట నోట్లోంచి తీసి, "కోడలా, ఈ ఏడు దుక్కి నువ్వే దున్నీ. ఎడ్లు ముసిలివైపోనాయి," అన్నాడు. నేను అప్పటికి ఎడ్లతో పోటీ పడే ఉద్దేశంలో లేను.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ప్రతి వస్తువుకీ తన బరువంతా అక్కడే పోగుపడినట్టుండే చోటు ఒకటుంటుంది. బళ్ళో దాన్ని గరిమనాభి అని చెప్పారు. పరీక్షలో రెండు మార్కులకి రాసి, ఇక జీవితంలో ఎదురుపడదని వదిలేశాను. విమానాలవాళ్ళు దాన్ని సీజీ అంటారు. నా రకం విమానానికి ఆ చోటు రెక్క ముందంచు నుంచి వెనక్కి, రెక్క వెడల్పులో పావు వంతుకీ మూడో వంతుకీ నడుమ పడాలి. అంతకు ముందుకి జరిగితే ముక్కు బరువు. మొండిగా నేల చూస్తుంది. వెనక్కి జరిగితే తోక బరువు. అప్పుడది ఎవరి మాటా వినదు. కొంచెం పైకి అంటే బాగా పైకి పోతుంది, వద్దంటే ఇంకా పోతుంది. రెక్క వెడల్పు మన అరచేయంత. అందులో ఒక చిటికెన వేలి గోరంత మేరలో ఎగరడం, ఎగరకపోవడం తేలిపోతాయి.

తెలుసుకునే మార్గం కూడా సులువే. రెక్క కింద రెండు వైపులా ఆ చోట గుర్తు పెట్టుకుని, ఎగిరేటప్పుడు ఉండే సరంజామా అంతా లోపల పెట్టి, రెండు చూపుడు వేళ్ళ మీద ఆ గుర్తుల దగ్గర ఎత్తిపట్టాలి. ముక్కు రవ్వంత వంగి నిలబడితే మంచిది. తోక వాలితే ఇంటికి వెళ్ళిపోవాలి. రాకెట్లు పంపేవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. మా స్థాయిలో ఇంతే.

మూడో విమానం తయారవుతుండగా క్యాంపు ఆఫీసరు స్వయంగా మా క్వార్టరుకి వచ్చాడు. ఉత్తరాది మనిషి, పొడుగ్గా, ఎప్పుడూ సగం మాట మింగి మాట్లాడతాడు. మంచం మీద ఉన్న విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి పొట్ట కింద చూశాడు.

"కెమెరా కహా హై?"

"నహీ హై సర్."

కెమెరా లేకపోతే మరి ఎగరేయడం దేనికని హిందీలో అడిగాడు. ఎగురుతుందా లేదా చూడటానికి అన్నాను. ఎగరదా అన్నాడు. ఇంతవరకూ లేదన్నాను. ఆ జవాబు అతనికి నచ్చినట్టుంది. అనుమానించదగ్గ మనుషులెవరూ తమ యంత్రం పనిచెయ్యదని ముందే ఒప్పుకోరు కాబోలు.

టీ తాగి షరతు చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున్న, తన కళ్ళ ముందు, ఒక్కసారి. ఫెన్సింగు లోపల ఎగిరి, ఫెన్సింగు లోపల దిగితే ప్రతి ఆదివారం ఎగరేసుకోవచ్చు. ఫెన్సింగు దాటిపోయినా, దాటి పడినా అంతే. అవతల అడవి ఉంది, దానికోసం ఎవర్నీ పంపలేడు, నన్నూ వెళ్ళనివ్వడు. మళ్ళీ అర్జీ పెట్టొద్దు, పెట్టినా తన దగ్గరికే వస్తుంది, తను మళ్ళీ చదవడు.

"ఔర్ కోయీ దూస్రా చాన్స్ నహీ," అన్నాడు గుమ్మం దగ్గర. రెండో అవకాశం లేదని హిందీలోనూ చెప్పాడు, వేలితోనూ చూపించాడు.

బ్యాటరీలు పట్టుకున్న ఆ ఏళ్ళన్నిటికీ నాకు దొరుకుతున్నది ఒక్క విసురు. సరే, ఒక్కటే అయితే ఒక్కటే. అది ఎగిరి తీరాలి. అంతకుముందు విమానం ఎగిరితే బాగుండునని అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను. ఎగరకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పోవడం తప్ప నేను వేరే పని పెట్టుకోలేదు.

తలుపులు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా తూకం మొదలైంది. బరువు సరిచేసేటప్పుడు నా చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి వేళ్ళు మా ఆయనవి. డ్యూటీ నుంచి దిగి, స్నానం చేసి, అన్నం తిని, గోడకి ఆనుకుని కూర్చుని రెండు చూపుడు వేళ్ళు పైకెత్తేవాడు. నేను విమానాన్ని వాటి మీద పెట్టి దూరంగా జరిగి చూసేదాన్ని.

"ఎంతసేపే? వేళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి."

"కదలకండి. ఊపిరి కూడా అటు వదలండి."

"గూడ్సు బండికి ఇంత సేవ ఎవడూ సెయ్యడు. నేనైతే వ్యాగన్లు ఎలా నింపితే అలగే ఈడ్సుకుపోతాను."

"మీ బండి ఎగరాల్సిన అవసరం లేదుగా."

"అందుకే పెతిసారీ ఇంటికొస్తన్నాను."

గుర్తులు పెన్నుతో పెడితే మా ఆయన వేళ్ళకి తెలిసేది కాదు, ప్రతిసారీ వంగి వెతుక్కోవాలి. అందుకని రెక్క కింద రెండు వైపులా రెండు స్టిక్కర్ బొట్లు అంటించాను. ఉబ్బెత్తు రకం. ఇప్పుడు చీకట్లో కూడా వేలికి తగులుతాయి. మా ఆయన విమానాన్ని తిప్పి చూసి, "బొట్టెట్టీసావు, కాటుక్కూడా ఎట్టీ. క్యాంపోళ్ళ దిష్టి తగలకుండా ఉంటాది," అన్నాడు.

ముక్కులో బరువు కావాలి. మా ఊరు ఇనుప కొండ మీద కూర్చుంది, ఇంట్లో ఎక్కడ వేలు పెట్టినా ఇనుమే. అయినా చిటికెడు బరువు కోసం బజారుకి వెళ్ళాల్సిందే. ల్యాబులో ఉన్నది కంపెనీది. గుప్పెట్లో పెట్టుకు బయటికొస్తే దాన్ని హాబీ అనరు. ల్యాబులో నా పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి కోంటా వైపు నుంచి వచ్చింది. ఇంట్లో దోర్లీ, బజార్లో హల్బీ, ఆఫీసులో హిందీ, నన్ను ఆటపట్టించడానికి తెలుగు మాట్లాడుతుంది. శబరి నదిలో వల వేసే వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వలకి కట్టే సీసపు గుళ్ళు నాలుగు తెచ్చిచ్చింది.

"ఏందక్కా, ఇదన్నా ఎగురుతదా? లేకపోతే దీనికి గూడ పెద్దకర్మ చెయ్యాల్నా?"

"పెద్దకర్మకి నిన్ను పిలవను. భోజనం ఖర్చు."

"పిలవకున్నా వస్త. మొదటి రెండిటికి రాలే, పాపం తగిలింది."

సీసపు గుళ్ళు ముక్కు లోపలి గోడకి అంటించాను. బ్యాటరీని ముందుకి, ఇంకా ముందుకి, గోడకి ఆనేదాకా జరిపాను. మా ఆయన వేళ్ళ మీద విమానం మొదట వెనక్కి వాలింది, తర్వాత తటపటాయించింది, చివరికి ముక్కు రవ్వంత దించి, ఎవరికో మర్యాదకి తల వంచినట్టు నిలబడిపోయింది. పక్క క్వార్టర్లో కుక్కర్ కూత వేసింది. విమానం కదల్లేదు.

"అయిపోనాదా?" అన్నాడు గుసగుసగా.

"అయింది."

"అయితే దించు. ముక్కు దురదేస్తంది."

ఆ పై ఆదివారమే పని పూర్తయ్యేది. కానీ ఆ వారం ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని వాయిదా పడింది. తర్వాతి వారం ఆఫీసరు సుక్మా వెళ్ళాడు. ఆ తర్వాత ఊరికే వాయిదా పడింది. ఇక్కడ కొన్ని వాయిదాలకి కారణం అడగకపోవడం మంచిది. నెల దాటింది. విమానాన్ని నేల మీద పెడితే తొక్కుతామని, బీరువా మీద పెడితే రెక్క వంగుతుందని, వెనక వరండాలో బట్టల తీగ కొక్కేనికి ముక్కు పైకి ఉండేలా వేలాడదీశాను. పాత నూలు చీర కప్పాను. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో రెక్కలూ తోకా తుడిచేదాన్ని. మా ఆయన్ని అంత శ్రద్ధగా ఎప్పుడైనా తుడిచావా అంటే లేదు.

దుమ్ము సంగతి చెప్పాలి. కిరండూల్‌లో తెల్లబట్టలు కొనేవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు. ఎండాకాలం గాలి తిరిగితే సన్నటి ఎర్రపొడి దేని మీద పడితే దాని మీద కూర్చుంటుంది. కనిపించేది గోరంత, చేతికి తీసుకుంటే బరువు. అందుకే ఇక్కడ ఒక అలవాటు ఉంది. ఏ వస్తువునైనా వాడే ముందు బోర్లించి ఒకసారి తడతాం. బూట్లు, హెల్మెట్లు, గ్లాసులు, చివరికి అతిథికి వేసే కుర్చీ కూడా. విశాఖలో మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళినా మా ఆయన చెప్పులు తిరగేసి తడతాడు, వాళ్ళు నవ్వుతారు. మేం అన్నిటినీ తడతాం. విమానాన్ని మాత్రం తట్టలేదు. కాగితం లాంటి వస్తువు, తడితే చిరుగుతుందని.

చివరికి ఒక ఆదివారం ఖాయమైంది. పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళేసరికి ఆఫీసరు ఇద్దరు జవాన్లతో గోల్ పోస్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ల్యాబు అమ్మాయి అన్నమాట ప్రకారం వచ్చింది, టిఫిన్ డబ్బాతో సహా. గ్రౌండుకి మూడు వైపులా క్వార్టర్లు, నాలుగో వైపు ముళ్ళ ఫెన్సింగు. దాని అవతల సాలచెట్లు, వాటి పైన కొండ. గాలి ఫెన్సింగు వైపే, మెల్లగా.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "చలియే."

బ్యాటరీ పెట్టాను. మోటారు ఒకసారి తిప్పి ఆపాను. తోక పలకలు పైకి, కిందకి, కుడి, ఎడమ. అన్నీ చెప్పినట్టు వింటున్నాయి. ఇక విసరడమే. మా ఆయన చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. విమానాన్ని నా రెండు చూపుడు వేళ్ళ మీద, బొట్లు తగిలేలా ఎత్తిపట్టుకున్నాను.

తోక వాలిపోయింది.

పొరపాటున పట్టుకున్నానేమో అని దించి మళ్ళీ ఎత్తాను. ఈసారి ఇంకా ఖచ్చితంగా వాలింది. ఇంట్లో నిమిషాల తరబడి నిలబడిన విమానం ఇప్పుడు తోక మీద కూర్చుని నన్ను చూస్తోంది.

"ఏటే?" అన్నాడు మా ఆయన.

"తోక బరువుగా ఉంది."

"నెల్రోజుల కిందట సరిపోనాది గదా. నా వేళ్ళే సాక్షి."

"అవును. ఇప్పుడు సరిపోలేదు."

ఆఫీసరు దగ్గరికొచ్చి ఏమైందన్నాడు. చెప్పాను. అతను ఆకాశం వైపు చూసి, ఎగరేస్తే ఎగరెయ్యండి, లేకపోతే వెళ్ళిపోదాం, తొమ్మిదికి తనకి వేరే పని ఉందన్నాడు. జవాన్లలో ఒకడు, ఇంత చిన్న తేడాకి ఏమవుతుంది మేడం, దేవుడు చూసుకుంటాడు అన్నాడు. దేవుడు శ్రీకాకుళంలో ఒకసారి చూసుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

"ఎగరేస్తాను సర్," అన్నాను. "కానీ ఇలా కాదు. కాసేపు ఆగండి."

"కిత్నీ దేర్?"

"సరిపోయేదాకా."

నా ఉద్యోగ జీవితంలో ఒక యూనిఫాం మనిషికి ఇచ్చిన జవాబుల్లో అది కొంచెం పొడిగా ఉందని నాకే అనిపించింది. అతను మళ్ళీ గడియారం చూసుకున్నాడు గానీ వెళ్ళలేదు.

బ్యాటరీ చూశాను, గోడకి ఆనే ఉంది. సీసపు గుళ్ళు నాలుగూ ఉన్నాయి. తోక మీద ఏదైనా అంటుకుందా అని చూశాను, అద్దంలా ఉంది, రోజూ తుడిచాను కదా. ముక్కులో ఏమీ పోలేదు, తోకకి ఏమీ చేరలేదు. అయినా బరువు వెనక్కి జరిగింది. లెక్క ప్రకారం ఇది జరగకూడదు.

"ఇలా తే, నేను సూత్తాను," అని మా ఆయన విమానం అందుకున్నాడు. అందుకుని, ఆలోచించకుండా, డ్యూటీ బూట్లని చేసినట్టే ముక్కు కిందకి తిప్పి వీపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"అయ్యో, మెల్లగా!" అన్నాను.

ముక్కు దగ్గర మోటారు వేడెక్కకుండా గాలి కోసం కోసిన రెండు కంతలు ఉంటాయి. ఆ కంతల్లోంచి సన్నగా, ఎర్రగా, జల్లెడలోంచి రాలినట్టు పొడి రాలింది. చెంచాడు పైమాటే. రాలి, గాలికి కొంచెం పక్కకి వాలి, ఆఫీసరు బూట్ల మీద పడింది.

క్యాంపు ఆఫీసరు ముందు, ఎగిరే యంత్రంలోంచి, గుర్తు తెలియని పొడి. ఆ ఇద్దరు జవాన్లూ ఒకే అడుగు వెనక్కి వేశారు.

"యే క్యా హై?" అన్నాడు ఆఫీసరు. మాట ఈసారి సగం మింగలేదు.

"దుమ్ము సర్. ఇక్కడిదే."

"ఐరన్ ఓర్?"

"అవును సర్."

"కంపెనీ కా మాల్?"

ల్యాబులో పనిచేసే ఆడమనిషి, కంపెనీ ఖనిజం, ఫెన్సింగు వైపు ఎగిరే విమానం. మూడింటినీ పక్కపక్కన నిలబెడితే ఒక కేసు తయారవుతుందని నాకూ తోచింది. చెంచాడు చొప్పున, ఆదివారానికోసారి ఎగుమతి చేస్తే ఈ కొండ ఎప్పటికి కరుగుతుందో అతను లెక్క వేస్తున్నట్టున్నాడు. అప్పుడు మా ల్యాబు అమ్మాయి ముందుకొచ్చి తన టిఫిన్ డబ్బా బోర్లించి తట్టింది. దాని మూత అంచులోంచి కూడా అదే రంగు రాలింది. ఒక జవాను టోపీ తీసి తట్టుకున్నాడు. తట్టుకుని, చూసి, నవ్వాడు. ఆఫీసరు తన బూటు నేలకేసి కొట్టాడు. అప్పుడు అతనూ నవ్వాడు, కొంచెమే.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పొడిని తూచి జీతం తీసుకుంటున్న మనిషిని. ముక్కు పైకి పెట్టి వేలాడదీస్తే, చీర కప్పని ఆ రెండు కంతల్లోంచి నెల పాటు పడిన పొడి ఎక్కడికి జారుతుందో వేరేవాళ్ళు చెప్పాలా? తోక చివరికి జారింది. అక్కడ చెంచాడు అంటే ముక్కు దగ్గర మూడు చెంచాలతో సమానం, రెక్క నుంచి అంత దూరం. పైపైన తుడుస్తూ కూర్చున్నాను.

మళ్ళీ వేళ్ళ మీద పెట్టాను. ఈసారి తోక వెంటనే వాల్లేదు. కాసేపు నిలిచి, ఆలోచించి, వాలింది. అడుగున జిగురు ఉన్న చోట ఇంకా అంటుకుని ఉంటుంది. అది ఇక్కడ రాదు, తోక కోస్తే తప్ప.

"ముక్కులో ఇంకాస్త బరువు కావాలి," అన్నాను. "సీసపు గుళ్ళున్నాయా?"

"నాలుగే తెచ్చిన అక్కా. మా నాయన వల మునగాల్నా వద్దా?"

"రాయి కట్టీమంటావా?" అన్నాడు మా ఆయన.

రాయి ఒద్దు, కదులుతుంది. గట్టిగా కూర్చునేది కావాలి, కొంచెం కొంచెంగా కలిపేది కావాలి. నా గాజుకి తగిలించుకున్న పిన్నీసుల వైపు చూశాను. అందరు ఆడవాళ్ళలాగే ఎప్పుడు ఏం ఊడుతుందో అని రెండు పెట్టుకుంటాను. ల్యాబు అమ్మాయి చేతికి ఒక గుత్తే ఉంది.

"ఇలా ఇవ్వు."

"అక్కా, చున్నీకి పెట్టుకున్నయి గూడ తీస్తే నేను ఇంటికెట్ల పోవాలె?"

"పట్టుకుని వెళ్ళు."

ఒక్కో పిన్నీసూ టేపుతో ముక్కు మీద అంటిస్తూ, వేళ్ళ మీద పెట్టి చూస్తూ పోయాను. ఆఫీసరు గడియారం చూడటం మానేసి నా వేళ్ళు చూస్తున్నాడు. ఒకటి. వాలింది. ఇంకొకటి. వాలింది. గుత్తి సగం అయ్యేసరికి తటపటాయించింది. చివరిది అంటించాక ముక్కు మెల్లగా దిగి, రవ్వంత వంగి, ఆగింది. వేళ్ళు కదలకుండా మోచేతులు పొట్టకి నొక్కుకున్నాను. అది అలాగే నిలబడింది. జవాను "బస్, బస్," అన్నాడు, నేనేదో పాలు పోస్తున్నట్టు.

"ఇప్పుడు విసరండి," అన్నాను మా ఆయనతో. "నేరుగా. పైకి కాదు. క్షమాపణ అడుగుతున్నట్టు కాదు, గట్టిగా."

"నువ్వు రిమోటు సూసుకో. నా పని నాకు తెల్సు."

గాలికి ఎదురుగా, క్వార్టర్ల వైపు నాలుగు అడుగులు పరిగెత్తి విసిరాడు. విమానం ముందు కొంచెం దిగింది. శ్రీకాకుళం గట్టు నా కళ్ళ ముందు కనిపించింది. తర్వాత రెక్కల కింద గాలి పట్టుకుంది, అది తనంతట తాను సర్దుకుని లేచింది. నేను పుల్లని ఒక్క పిసరు లాగాను, ఒక్క పిసరే పైకి వెళ్ళింది. వదిలాను, నిలబడింది. చెప్పింది వింటోంది. చెప్పనిది చెయ్యడం లేదు. నా జీవితంలో ఇలాంటివి ఎక్కువ లేవు.

నీళ్ళ ట్యాంకు అంత ఎత్తులో ఎడమకి తిప్పాను. గ్రౌండు చుట్టూ ఒక పెద్ద చుట్టు. ల్యాబు అమ్మాయి చున్నీ రెండు చేతులా పట్టుకుని ఏదో అరుస్తోంది, ఏ భాషో వినపడలేదు. రెండో చుట్టులో గాలి దాన్ని ఫెన్సింగు వైపు నెట్టింది. నేననుకున్నదానికంటే దూరం పోయింది. చిన్నదైపోయింది.

"వాపస్," అన్నాడు ఆఫీసరు నా చెవి పక్కన. "వాపస్, వాపస్."

తిప్పాను. సాలచెట్ల ఆకుల ముందు తెల్లటి రెక్క ఒక్కసారి పూర్తిగా కనిపించి, మళ్ళీ సన్నటి గీత అయింది. ఎదురుగాలికి తిరిగి వస్తోంది, చాలా నెమ్మదిగా. దింపాలి. ఇక్కడ ఒక చిన్న విషయం నాకు అప్పుడే తట్టింది. నేను ఇంతవరకూ దేన్నీ దింపలేదు. మొదటి రెండూ ఆ శ్రమ నాకు ఇవ్వలేదు.

మోటారు ఆపేశాను. చదివినదాంట్లో అదొక్కటే గుర్తుంది. సీజీ సరిగ్గా ఉన్న విమానం మోటారు లేకపోయినా ముక్కు కొంచెం దించుకుని, దానంతటదే జారుతూ దిగుతుంది, మనం దాన్ని కెలక్కుండా ఉంటే. కెలక్కుండా ఉండటం నా స్వభావం కాదు. రెండు బొటనవేళ్ళూ పుల్లల మీంచి తీసి పక్కన పెట్టుకున్నాను. నా తల మీంచి చప్పుడు లేకుండా వెళ్ళింది. ఎదురుగా క్వార్టర్లు వస్తుంటే దారి మళ్ళించడానికి ఒకసారి ఎడమకి తాకాను, గాలి దాన్ని మళ్ళీ ఫెన్సింగు వైపు తిప్పేసింది. ఇంకోసారి తాకితే రెక్క నేలకి తగులుతుంది. తాకలేదు. గడ్డి మీద పొట్ట ఆనింది, జారింది, జారుతూనే పోయింది, ముళ్ళ తీగ కింద దుమ్ములేపి ఆగింది.

అందరం పరిగెత్తాం. ఆఫీసరు మాత్రం నడిచాడు. దగ్గరికొచ్చి, వంగి, ఫెన్సింగు స్తంభం నుంచి స్తంభానికి కళ్ళతో గీత గీసుకున్నాడు. ప్రొపెల్లర్ ఒక రెక్క విరిగి అవతల పడి ఉంది. తక్కిన విమానం అంతా ఇవతల ఉంది. మా ఆయన నోరు తెరవబోతే నేను చేత్తో ఆపాను. ఇప్పుడు ఎవరు మాట్లాడినా మాకే నష్టం.

"అందర్ హై," లోపలే ఉందన్నాడు చివరికి. విరిగిన ముక్కని బూటుతో తీగ కింద నుంచి ఇవతలికి లాగాడు. "అబ్ పూరా అందర్ హై."

తర్వాత ఇంకో షరతు చేర్చాడు, ఆఫీసరు కాబట్టి. ప్రతి ఆదివారం గ్రౌండు గేటు దగ్గర సెంట్రీ విమానాన్ని తిరగేసి తట్టి చూస్తాడు, ఏమీ రాలకపోతేనే లోపలికి. నేను చేసుకోవాల్సిన పని ప్రభుత్వం చేసిపెడతానంటే కాదనడం దేనికి? ఒప్పుకున్నాను.

ఆ వారం తోక కోసి, జిగురుకి అంటిన పొడి బ్రష్షుతో తీసి, మళ్ళీ అతికించాను. గాలి కంతలకి పాత దోమతెర ముక్క అంటించాను. కొత్త ప్రొపెల్లర్ బిగించి మా ఆయన వేళ్ళ మీద పెడితే ఇప్పుడు ముక్కు బరువు. పిన్నీసులు కొన్ని తీసేయాల్సి వచ్చింది. శనివారం ల్యాబులో ఆ అమ్మాయికి తిరిగిచ్చాను.

"ఇవి రెండే గదా. మిగిలినయి ఏవి?"

"డ్యూటీలో ఉన్నాయి," అన్నాను.

ఆ ఆదివారం గాలి ఇంకా ఎక్కువగా ఉంది. మా ఆయన వద్దన్నాడు. పొద్దున్నే గేటు దగ్గర సెంట్రీ విమానాన్ని బోర్లించి రెండుసార్లు తట్టాడు, ఏమీ రాల్లేదు. లోపలికి వెళ్ళాం.